చిన్న దయ, పెద్ద గొట్టం

మార్చి 2

ప్రభువునందు ప్రియమైన అక్కకు తమ్ముడు వందనాలతో రాయునది.

ఇక్కడ నేనూ నీ మరదలూ క్షేమం. నీ కుట్టుకొట్టూ నీ మోకాళ్ళ నొప్పీ ఎలా ఉన్నాయి? రెండింటి కోసమూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

అక్కా, మా సంఘంలో 'చిన్న దయల ఉద్యమం' మొదలుపెట్టాను. ఈ మందిరానికి పాస్టరుగా వచ్చిన నాటి నుంచీ మనసులో ఉన్న ఆలోచన ఇది. ప్రేమించడానికి పెద్ద పెద్ద త్యాగాలే అక్కర్లేదు, ఒక పలకరింపు చాలు, ఒక గ్లాసు మంచినీళ్ళు చాలు. కాబట్టి మా విశ్వాసులు ఒక్కొక్కరూ వారంలో ఒక చిన్న దయగల పని చేసి, ఆదివారం మైకు ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం అవగానే నీ మరదలు గంట కొడుతుంది. అందరూ ఆమేన్ అంటారు. గంట ఎందుకురా అంటావని నాకు తెలుసు. ఉత్సాహం కోసం.

మా సంఘపెద్ద ఇందుకోసమే కొత్త లౌడ్‌స్పీకరు ఇచ్చారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమేన్ అనే మనిషి కాబట్టి ఆయన లేనప్పుడు ఆమేన్ గారు అంటుంటాం. పెద్ద గొట్టం, మందిరం గోడకు ఇనుప కమ్మీతో బిగించారు. అంచు చుట్టూ ఆయన తల్లిగారి పేరు ఎర్రరంగుతో రాయించారు. వీధి మలుపు నుంచే కనిపిస్తుంది. రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది.

మందిరానికి సరిగ్గా ఎదురుగా ఫిడేళ్ళు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు. ఫిడేలు తాతయ్య అంటాం. భార్య పోయింది, పిల్లలు లేరు. మనిషి ఎండిన పుల్లలా ఉంటాడు, చేతులు వణుకుతాయి, చెవులు కూడా పోతున్నట్టున్నాయి పాపం. ప్రస్తుతం మా వాళ్ళ దయంతా ఆయన మీదే. ఎదురుగానే ఉన్నాడు కాబట్టి చేయడానికి వీలుగా కూడా ఉంది.

నువ్వూ మీ సంఘంలో ఇలాంటిదొకటి మొదలుపెట్టించకూడదూ? ఈ ఉత్తరంతో నా తెల్ల అంగీ పంపుతున్నాను. నడుము దగ్గర కాస్త వదులు చేయి. ఉతికితే బిగిసింది.

ప్రభువు సేవలో,
నీ తమ్ముడు

మార్చి 9

ఒరేయ్ తమ్ముడూ,

అది ఉతికితే బిగిసే గుడ్డ కాదురా. నేనే కొన్నాను, నేనే కుట్టాను. బిగిసింది నువ్వు. పక్క కుట్లు విప్పి, లోపల మడిచి ఉంచిన గుడ్డంతా వదిలేశాను. ఇక వదలడానికి ఏమీ మిగల్లేదు, ఇకపైన ప్రసంగాలకు వెళ్ళినచోట కేకులు నువ్వే వదలాలి.

నీ ఉద్యమం సంగతి చదివాను. గ్లాసు మంచినీళ్ళు ఇచ్చి ఊరంతా వినపడేలా చెప్పుకుంటే ఆ తాగినవాడు మళ్ళీ నీళ్ళు అడుగుతాడా? ముప్ఫై ఏళ్ళుగా మనుషుల నడుములు కొలుస్తున్నాను. కొలిచిన అంకె పైకి అరిస్తే ఎవరైనా నా కొట్టు మెట్లెక్కుతారా, చెప్పు.

ఒక్క మాట. ఆ ఫిడేలు తాతయ్యకు ఏం కావాలో ఆయన్ని అడిగారా? నీ ఉత్తరం రెండుసార్లు తిరగేశాను, అది మాత్రం కనిపించలేదు.

మా వాళ్ళతో మొదలుపెట్టించను. మా పాస్టరు ముసలాయన, రోజూ సాయంత్రం కుర్చీలు ఆయనే సర్దుకుంటాడు. గంట కొట్టబోతే భయపడతాడు.

నా వెనక గది ఖాళీ అయింది. అద్దెకున్న టీచరమ్మ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. కిటికీలో బోర్డు పెట్టాను. ఎవరైనా ఉంటే చెప్పు, నోరు తక్కువ ఉన్న మనిషైతే మేలు.

మరదలికి చెప్పు, గంట కొట్టేటప్పుడు భుజం జాగ్రత్త అని.

నీ అక్క

మార్చి 20

ప్రియమైన అక్కకు వందనాలు.

నీ వెటకారం నాకు కొత్త కాదు. ఫలాన్ని బట్టి చెట్టును తెలుసుకోవాలి కాబట్టి ఫలాలు రాస్తున్నాను, చదువుకో.

స్త్రీల సమాజం వాళ్ళు ఫిడేలు తాతయ్య కొట్టు కడిగి తుడిచారు. స్టవ్వు మీద ఏదో కుళ్ళిపోయిన జిగురులాంటిది ఉడుకుతుంటే, అయ్యో, ఇదా తింటున్నాడు అనుకుని పారబోసి, సూపు పెట్టి వచ్చారు. యువకులు వెలిసిపోయి ఉన్న ఒక పాత ఫిడేలుకు తలుపుల రంగు పూసి కొత్తదానిలా చేశారు. అది చూసి ఆయన కళ్ళవెంట నీళ్ళు! ఆనందబాష్పాలు, నేను స్వయంగా చూశాను. చలికి వణుకుతున్నాడని మఫ్లర్లు అల్లి ఇవ్వని ఇల్లు లేదు. నీ మరదలూ ఒకటి ఇచ్చింది. చప్పుడు భరించలేకపోతున్నానని ఆయన అంటున్నాడని తెలిసి, ఆమేన్ గారు స్వయంగా వెళ్ళి చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇచ్చి వచ్చారు. ఎంత సున్నితమైన ఆలోచనో చూడు! ఆదివారం ఆ సాక్ష్యానికి గంట కొట్టీ కొట్టీ దాని నాలుక ఊడి వచ్చింది. బాగుచేయించాలి.

నీ గది సంగతి మైకులో ప్రకటించాను. 'మా అక్క ముక్కుసూటి మనిషి, ఒకరి జోలికి పోదు, పలకరిస్తే పలుకుతుంది లేకపోతే లేదు' అని ఉన్నమాటే చెప్పాను. తప్పుగా అనుకోకు.

అంగీ సరిపోయింది.

నీ తమ్ముడు

మార్చి 28

ఒరేయ్ తమ్ముడూ,

స్టవ్వు మీద జిగురు ఉడికించుకునేది ఫిడేళ్ళు అతికించడానికి అని నాకే తోచింది, పాస్టరువి నీకు తోచలేదా? ఆనందబాష్పాలట! నా పెళ్ళిచీరను ఎవరైనా కత్తిరించి కర్టెన్లు కుడితే నాకూ వస్తాయి అలాంటి బాష్పాలు.

ఆ సంగతి అలా ఉంచు. నీ ప్రకటన పుణ్యమో, నా బోర్డు పుణ్యమో, గదికి మనిషి దొరికాడు. వయసు పైబడినవాడే కానీ దిట్టంగా ఉన్నాడు. పెద్ద పెద్ద పెట్టెలు తనే మోసుకొచ్చుకున్నాడు, చెయ్యి వేయబోతే కసురుకున్నాడు. ఏం పని అంటే చెక్కపని అన్నాడు. ఇప్పుడు కొన్నాళ్ళు విశ్రాంతి అన్నాడు. చెవులు మాత్రం పాము చెవులు. గోడ అవతల నుంచి విని నా కుట్టుమిషను బెల్టు వదులైందని చెప్పాడు. ఎప్పుడూ గడియ పెట్టుకుని ఉంటాడు. ఎవరు తలుపు తట్టినా 'ఎవరు? ఏం తెచ్చారు?' అని కంగారుగా అరుస్తాడు. అదొక్కటే వింత.

ఒంటరి మనిషి కదా అని రోజూ మధ్యాహ్నం ఒక గిన్నె సూపు ఇస్తున్నాను. గిన్నె నాకినట్టు శుభ్రంగా తిరిగొస్తుంది. చెబితే నవ్వుతావేమో, నాకు సంతోషంగా ఉంది. దీనికి మైకు అక్కర్లేదు చూశావా.

నీ అక్క

ఏప్రిల్ 4

ప్రియమైన అక్కా,

గుండె బరువుతో రాస్తున్నాను. ఫిడేలు తాతయ్య కనిపించడం లేదు. కొట్టుకు తాళం వేసి ఉంది. ఆ వణికే చేతులతో, వినపడని చెవులతో ఎక్కడికి పోయాడో, ఏ రోడ్డు పక్కన పడి ఉన్నాడో! సంఘమంతా ఉపవాస ప్రార్థనలో ఉంది. ఇన్ని రోజులు కన్నబిడ్డలా చూసుకున్నాం.

ఆమేన్ గారు ధైర్యం చెబుతున్నారు. తాతయ్య తిరిగి రాకపోతే ఆ గదిని ఆయన జ్ఞాపకార్థం 'దయా కేంద్రం'గా మార్చుదామని ఇంటి యజమానితో మాట్లాడారు. ఈ నెలాఖరు దాకా చూసి, తాళం పగలగొట్టి గది మాకు ఇచ్చేస్తానని అతను ఒప్పుకున్నాడు. మంచి ఆలోచనే అనిపించింది.

ఇక నీ సంగతి. అక్కా, ఆ అద్దె మనిషి నాకు నచ్చలేదు. గడియ వేసుకుని కూర్చోవడం, పెట్టెలు ముట్టుకోనివ్వకపోవడం మంచివాళ్ళ లక్షణం కాదు. ఏ దొంగసొత్తు ఉందో వాటిలో! అలాంటివాడికి రోజూ సూపు ఇస్తున్నావు, అది నీకు సంతోషంగా ఉందని కూడా రాశావు. బావ పోయి తొమ్మిదేళ్ళయింది. నీ మనసులో వేరే ఆలోచన ఏమైనా ఉంటే ముందు నాకు చెప్పు. తప్పు అనను, కానీ పాస్టరు అక్కవి. నలుగురి నోళ్ళలో నానకూడదు కదా.

ప్రార్థనలతో,
నీ తమ్ముడు

ఏప్రిల్ 10

ఒరేయ్ పాస్టరూ,

నీ ఉత్తరం కొట్లో అందరి ముందూ విప్పాను. నవ్వలేక చచ్చాను. సూపు ఇచ్చిన ప్రతివాడినీ పెళ్ళి చేసుకోవాలంటే మీ స్త్రీల సమాజం మొత్తానికి ఈ పాటికి ముహూర్తాలు పెట్టించి ఉండాల్సింది.

కానీ నువ్వు పెట్టెల మాట ఎత్తావు కాబట్టి నాకూ పురుగు తొలిచింది. నిన్న ఆయన గడియ వేయడం మరిచిపోయిన తలుపు గాలికి తెరుచుకుంటే తొంగి చూశాను. ఒక పెట్టె తెరిచి ఉంది. లోపల ఫిడేళ్ళు! ఒక్కో ఫిడేలుకూ ఒక్కో మఫ్లరు చుట్టి ఉంది. పైనున్న మఫ్లరు అంచున పువ్వు కుట్టి ఉంది. ఆ పువ్వుకు చివర రెండు ముడులు వేసి దారం అడ్డంగా లాగడం లోకంలో ఒక్క మనిషికే అలవాటు. పెళ్ళైన కొత్తలో దానికి కుట్టు నేర్పింది నేనే, ఆ అలవాటు మాన్పించలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. నీ పెళ్ళామేరా!

అవును. మీ తప్పిపోయిన తాతయ్య నా వెనక గదిలో ఉన్నాడు. నువ్వు వర్ణించిన ఎండుపుల్లకూ, ఈయనకూ పోలికే లేదు కాబట్టి నాకు తట్టలేదు. చేతులు వణకడం నిజమే, మీ వాళ్ళెవరైనా గిన్నెతో గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రమేనట.

అడిగితే దాచలేదు. ఆయన మాటలే రాస్తున్నాను. "అమ్మా, ఫిడేలు బాగుచేయడమంటే చెక్క అతికించి ఊరుకోవడం కాదు. తీగ మీటి వినాలి. నా కిటికీలోకి సూటిగా ఆ గొట్టం పెట్టారు. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం పాటల అభ్యాసం, సాయంత్రం సాక్ష్యాల రిహార్సలు. ఏ తీగ మీటినా మీ తమ్ముడి గొంతే వినపడుతోంది. కొంచెం పక్కకు తిప్పండి బాబూ అని మొదటిసారి అడిగితే ప్రార్థిస్తామన్నారు. రెండోసారి అడిగితే కమిటీలో పెడతామన్నారు. మూడోసారి అడిగితే దూది ఇచ్చారు. ఇచ్చినట్టు మళ్ళీ అదే గొట్టంలో చెప్పారు. గంట కూడా కొట్టారు."

మరి పారిపోయి పాస్టరు అక్క ఇంటికే ఎందుకొచ్చారండీ అన్నాను. "మీరు ఒకరి జోలికి పోరని మీ తమ్ముడు మైకులో చెప్పాడు. ఆ ఒక్క మాట నమ్మి వచ్చాను. వచ్చిన మర్నాడే మీరు సూపు మొదలుపెట్టారు" అన్నాడు. ఆ సూపంతా నా పిల్లి తాగుతోందట. గిన్నె నాకినట్టు ఉండటానికి కారణం అది. నవ్వుకో, నీ వంతు. నేనూ ఏం కావాలని అడగలేదు కదా.

ఇక అసలు సంగతి. ఆ గదిలో ఆయనా ఆయన భార్యా నలభై ఏళ్ళు పనిచేశారు. ఆవిడ తీగలు బిగిస్తే ఈయన వినేవాడట. ఆ గది పోతే ఇంకెక్కడా ఫిడేలు ముట్టనంటున్నాడు. దయా కేంద్రం సంగతి నేను ఇంకా చెప్పలేదు, నోరు రాలేదు. గొట్టం తిప్పు. ఎవరికీ చెప్పకు. మందను వెంటేసుకుని రాకు. ఆయన తనంతట తనే వస్తాడు.

నీ అక్క

ఏప్రిల్ 16

ప్రియమైన అక్కా,

స్తోత్రం! నీ ఉత్తరం అందగానే ఆగలేకపోయాను. మైకులో ప్రకటించేశాను, తప్పిపోయినవాడు దొరికాడని. మందిరం దద్దరిల్లిపోయింది. ఎవరికీ చెప్పొద్దన్నావు, కానీ సంఘం ఎంత ఏడ్చిందో నువ్వు చూడలేదు. వచ్చే శనివారం వ్యాను మాట్లాడాం. పాటల బృందం, యువకులు, స్త్రీల సమాజం అందరం వస్తున్నాం. మీ వీధి మొదట్లోనే పాట ఎత్తుకుంటూ వచ్చి, ఆయనను దండలతో తీసుకెళ్తాం. నువ్వు అందరికీ టీ మాత్రం చూడు.

గొట్టం సంగతి. అక్కా, నువ్వు అనుకున్నంత తేలిక కాదు. తిప్పితే ఆమేన్ గారి తల్లిగారి పేరు వీధి వైపు కాక పాత గోదాము గోడ వైపు పోతుంది. ఆయన నొచ్చుకుంటారు. మందిరం పైకప్పు బాగుచేయిస్తానన్న మనిషి. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద మనిషిని నొప్పించడం తెలివైన పనేనా? మే నెల కమిటీలో తప్పకుండా పెడతాను.

సూపు సంగతి నీ మరదలికి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. పిల్లికి ఆరోగ్యం కలుగును గాక.

నీ తమ్ముడు

ఏప్రిల్ 19

తమ్ముడూ,

వ్యాను మాన్పించు.

వస్తున్నారని చెప్పగానే ఆయన లేచాడు. పెట్టెలు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంకా దూరం పోతాడట, ఎక్కడికో తెలియదట. ఆ వయసులో ఆ పెట్టెలతో. బతిమాలి రెండు వారాలకు ఆపాను. దయా కేంద్రం సంగతి కూడా చెప్పేశాను. ఆయన మంచం మీద కూర్చుని, "అయితే నేను పోయినట్టే లెక్క కట్టారన్నమాట" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది, నీ అక్కనైనందుకు.

నాకు చాలా కోపంగా ఉంది, దాచను. మీ సంఘంలో వారానికి అన్ని గంటలు మోగాయి. ఆ మనిషి అడిగింది ఒక్కటే. ఒక నట్టు వదులు చేయడం, ఒక మెలి తిప్పడం. మైకులో చెబితే బాగుండదు, ఆమేన్ గారికి బాగుండదు, కాబట్టి ఎవరి చేతికీ అది దయలా కనపడలేదు. ఇంత చిన్న విషయం అని రాశావు. చిన్న దయల ఉద్యమం నీదేనా కాదా?

ఇక నేను చెప్పేది లేదు. నువ్వు చేయగలిగితే చేయి, లేకపోతే నీ పైకప్పు కిందే కూర్చో.

అక్క

ఏప్రిల్ 27

అక్కా,

అక్షరాలు వంకరటింకరగా ఉన్నందుకు ఏమనుకోకు. బాత్రూములో జారిపడ్డాను. కుడిచెయ్యి మణికట్టు బెణికింది, కట్టు కట్టారు. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలకే పొద్దంతా పట్టింది.

వ్యాను మాన్పించాను. ఇంటి యజమానితో మాట్లాడాను, దయా కేంద్రం మాకు వద్దన్నాను. గది ఆయనదే. వచ్చి ఒకసారి చూసుకోమని చెప్పు.

ఆమేన్ గారు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పైకప్పు సంగతి మళ్ళీ ఎత్తలేదు. వాన వస్తే కుర్చీలు ఇవతలికి జరుపుకుంటున్నాం. అంతకుమించి ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు.

అంగీ మళ్ళీ పంపుతున్నాను. చంక దగ్గర చిరిగింది, ఎక్కడో తగులుకున్నట్టుంది.

తమ్ముడు

మే 10

ఒరేయ్ తమ్ముడూ,

ఆ ఉత్తరం చూసి ముందు నాకు నవ్వొచ్చింది. తిన్న కేకులన్నీ ఒక్కసారి బాత్రూములో కూలాయి అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించుగాక. చెయ్యి ఇప్పుడెలా ఉంది? పసిపిల్లాడిలా కట్టు విప్పి విప్పి చూసుకోకు.

ఫిడేలాయన మీ ఊరికి ఒకసారి చూసొస్తానని వెళ్ళి, నిన్న మిగిలిన పెట్టెల కోసం వచ్చాడు. మనిషి మొహమే మారిపోయింది. గొట్టం గోదాము వైపు తిరిగి ఉందట. అక్కడ వినేది ఎలకలేనట. కిటికీ తెరిచి, భార్య బిగించిన తీగలున్న ఫిడేలు ఒకటి మీటి చూసుకున్నాడట. "వినపడిందమ్మా" అన్నాడు.

తర్వాత టీ తాగుతూ మిగతాది చెప్పాడు. గొట్టం తిప్పిన వెధవ ఎవడని ఆమేన్ గారు వారం పాటు చిందులు తొక్కాడట. ఈలోగా ఈయన తిరిగొచ్చి మందిరం వైపు చూసి చేతులు జోడించాడు, అది వీధంతా చూసింది, మీ మందిరాన్ని మెచ్చుకుంది. అంతే, ఆదివారం ఆమేన్ గారు మైకు ముందుకొచ్చి, పొరుగువాడి బాధ చూడలేక తల్లి పేరున్న గొట్టాన్ని తనే తిప్పించానని సాక్ష్యం చెప్పాడట! గంటకు నాలుక లేదు కదా, మరదలు పళ్ళెం మీద గరిటెతో కొట్టిందట. కిటికీలోంచి ఇదంతా చూసి ఈయన నోరెళ్ళబెట్టాడట. అప్పుడు సంఘంలో ఎవరూ అనకముందే, చేతికి కట్టుతో పక్కన కూర్చున్న పాస్టరు గారు గట్టిగా ఆమేన్ అన్నారట.

అది విని నేను మిషను ఆపేశాను. నాకు ఏడుపొచ్చిందిరా.

నీ అంగీ కుట్టేశాను. చంక దగ్గర చిరుగు కింద నుంచి పైకి పోయింది. చెయ్యి బాగా పైకెత్తి దేన్నో బలంగా తిప్పితే తప్ప అలా చిరగదు. మోచేతి దగ్గర ఇనుప తుప్పు మరక ఉంది. నిమ్మకాయ రుద్దితే పోతుంది, కానీ రుద్దలేదు. అలాగే వేసుకో. నిచ్చెన ఎక్కేటప్పుడు అంగీ విప్పాలన్న తెలివి కూడా లేదు నీకు.

వెనక గది మళ్ళీ ఖాళీ. గోడ అవతల గొణుగుడు లేక కొట్లో ఏమీ తోచడం లేదు. కిటికీలో బోర్డు పెట్టాను, ఈసారి మైకులో చెప్పకు. సూపు మాత్రం మానలేదు, నేరుగా పిల్లికే పెడుతున్నాను.

ఇదంతా ఎవరికీ చెప్పను, మరదలికి కూడా. బాత్రూములో పడ్డానని నాకు అబద్ధం రాసినందుకు నీ మీద కోపం లేదు. రాసింది నీ ఎడమచెయ్యి. కుడిచెయ్యి ఏం చేసి వచ్చిందో పాపం దానికేం తెలుసు!

నీ అక్క